బ్వెన్‌వియాహే వారి ఆడపడుచు

నిన్న మధ్యాహ్నం అమలాపురం బస్టాండులో నా పక్క బెంచీ మీద ఒక ముసలమ్మ కమలాపండు ఒలుచుకుంటోంది. తొక్కలోంచి చిమ్మిన సన్నటి తుంపర ముక్కుకు తగిలిందో లేదో, బస్సుల హారన్లు, పల్లీలమ్మేవాళ్ల కేకలు ఎక్కడికో దూరంగా జరిగిపోయాయి. కళ్లు మూసుకున్నాను. వెచ్చటి పొయ్యిగది, గాజుతలుపు మీద తెల్లటి ఎండ, వెన్న రాసి బోర్లించిన రేకు పళ్లాలు, వాటి మధ్య నిలబడి కమలాతొక్కను పిండిలోకి సన్నగా తురుముతున్న మిలా కనిపించాయి. తురుముతున్నప్పుడు ఆవిడ పెదవులు కదిలేవి. పాటో ప్రార్థనో ఎప్పుడూ అడగలేదు. నేను ఎక్కాల్సిన కాకినాడ బస్సు వచ్చి వెళ్లిపోయింది. వెళితే వెళ్లిందిలే అనిపించింది.

మిలా గురించి తెలిసినవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. అందుకే రాస్తున్నాను. తొంభైలలో నేను బహ్రెయిన్‌లో ఉన్నాను. వెళ్లింది ఇంటిపనికి. తుబ్లీ అనేచోట ఒక అరబ్బు కుటుంబంలో పిల్లల్ని చూసుకునేదాన్ని. పిల్లలు బడికి వెళ్లే వయసు వచ్చాక ఇంట్లో పగటిపూట పని తగ్గిపోయింది. దగ్గర్లోనే అద్లియాలో ఆ ఇంటి మేడం తమ్ముడికి రొట్టెలు, కేకుల దుకాణం ఉండేది. అక్కడ మనుషులు చాలడం లేదని మేడం నన్ను పంపింది. అరబ్బీలో 'ప' అనే అక్షరం లేదు. నా పాస్‌పోర్టులో ముందు ఇంటిపేరు, తర్వాత పేరు ఉండేవి, పిల్లి సత్యవతి అని. మేడం మొదటి మాటే పట్టుకుంది. ఆమె నోట పిల్లి కాస్తా 'బిల్లీ' అయింది. హిందీవాళ్లకు బిల్లీ అంటే పిల్లే కదా. డ్రైవర్ భాయ్ నన్ను చూసినప్పుడల్లా మ్యావ్ అనేవాడు. సముద్రం దాటి ఇంత దూరం వచ్చినా, అక్షరం మారినా, ఆ పేరు అర్థం మాత్రం నన్ను వదల్లేదు.

దుకాణంలో మొదటిరోజు తోటి ఫిలిప్పీన్ అమ్మాయిలందరూ ఒక పెద్దావిడను పట్టుకుని 'ఆతె, ఆతె' అంటుంటే, అత్తా అంటున్నారు కాబోలు, ఇంతమందికి ఈవిడ మేనత్త ఎలా అయిందబ్బా అనుకున్నాను. వాళ్ల భాషలో ఆతె అంటే అక్క అని తర్వాత తెలిసింది. ఆవిడే మిలా, పొయ్యిగదికి పెద్ద. పొట్టి మనిషి, నెరుస్తున్న జుట్టు, ఎప్పుడూ పిండి అంటుకుని ఉండే మోచేతులు. పెళ్లి చేసుకోలేదు. తన సంపాదనతో చెల్లెళ్లను, తర్వాత చెల్లెళ్ల పిల్లల్ని చదివించింది. మా మధ్య నడిచిన భాష కొంత అరబ్బీ, కొంత హిందీ, కొంత ఇంగ్లీషు. మూడూ ఇద్దరికీ సరిగా రావు. అయినా అర్థం కాని మాట ఒక్కటీ ఉండేది కాదు. ఆ మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"నీ పేరేమిటి?" అంది.

"బిల్లీ."

"అది మేడం పిలిచే పేరు. నీకు ఏ పేరు ఇష్టం?"

ఆ మాట అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలేదు. "సత్యవతి. సత్యా అంటే చాలు. ఆ బిల్లీ మాత్రం వద్దు" అన్నాను. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆవిడా అడగలేదు. ఆ రోజు నుంచి పొయ్యిగదిలో నన్ను బిల్లీ అని పిలిచినవాళ్లు లేరు. మిలా ఒకసారి చెబితే అక్కడ చట్టం.

ఆవిడ అసలు పని కేకుల మీద పేర్లు రాయడం. అరబ్బీలో, ఇంగ్లీషులో, ఎవరు ఏ లిపిలో అడిగితే ఆ లిపిలో. క్రీము నింపిన సంచిని పాలిచ్చే ఆవు పొదుగును పట్టుకున్నంత మెత్తగా పట్టుకునేది. రాసేముందు మాత్రం ఆ పేరుకు అర్థమేమిటని కేకు చెప్పినవాళ్లను అడగాల్సిందే. కొనుక్కోవడానికి వచ్చినవాళ్లు విసుక్కోకుండా చెప్పేవాళ్లు. నూర్ అంటే వెలుగు, అమల్ అంటే ఆశ. చెబుతూ చెబుతూ వాళ్ల ముఖాలు మారిపోయేవి. ఎన్నాళ్లుగానో పెట్టెలో ఉన్న పట్టుబట్టను బయటికి తీసి చూపిస్తున్నట్టుండేది. "అర్థం తెలియకుండా రాస్తే అక్షరం నిలబడదు సత్యా, జారిపోతుంది" అనేది మిలా. క్రీము జారేది వేడికి అని నాకు తెలుసు. ఆవిడకూ తెలుసు. అయినా ఆ దుకాణంలో ఆ మాట నిజమనే అనిపించేది. పళ్లాలు కడగడానికి వచ్చిన నాకు ఆ సంచి పట్టుకోవడం, ఊపిరి బిగబట్టి గీత లాగడం నేర్పింది ఆవిడే.

ఆవిడ కోటు మీద పేరు బిళ్ల ఉండేది, మిలా బ్వెన్‌వియాహే అని. మేడం తమ్ముడు ఇంగ్లీషు అక్షరాలను పట్టుకుని బ్యూన్‌వియాజే అని చదివితే మిలా ఓపికగా సరిదిద్దేది. ఆ ఇంటిపేరు స్పానిష్ మాట. స్పెయిన్‌వాళ్లు వాళ్ల దీవులను చాలా కాలం ఏలారట. బ్వెన్ అంటే మంచి, వియాహే అంటే ప్రయాణం.

శుక్రవారం సెలవు. మిలా ఉదయం చర్చికి వెళ్లి, సాయంత్రం నాకోసం తుబ్లీ వచ్చేది. ఇద్దరం సముద్రపు పాయ పక్కన కూర్చునేవాళ్లం. నీళ్లు వెనక్కి తగ్గి బురద మెరుస్తూ ఉండేది. చలికాలంలో అయితే ఆ పలుచని నీళ్లలో గులాబీరంగు కొంగలు గుంపుగా నిలబడేవి. దూరం నుంచి చూస్తే అవి పక్షులో, మునిగే పొద్దు నీటి మీద పడేసుకున్న పమిటో తెలిసేది కాదు. అక్కడ కూర్చుని మిలా తన వంశం కథ చెప్పింది. ఎప్పుడో ఒక స్పెయిన్ ఓడ తుఫానులో పగిలిపోయింది. కెప్టెన్ ఒక్కడే చెక్కపలక పట్టుకుని మూడు పగళ్లు, మూడు రాత్రులు తేలుతూ వాళ్ల ఊరి ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. ఓడలను క్షేమంగా దాటించే మేరీమాతకు మొక్కుకున్నాడు. నన్ను బతికించావు కనుక నా వంశం ఉన్నంతకాలం సముద్రం దాటేవాళ్లను దీవిస్తూ ఉంటాం అని. అక్కడి పిల్లనే పెళ్లాడి ఉండిపోయాడు. ఆ మొక్కే ఇంటిపేరయింది.

"మా అమ్మ ఈ కథ చెబుతూ నాకు జడ వేసేది" అంది మిలా. "కెప్టెన్ మునిగేచోట జడ గట్టిగా లాగేది. ఒడ్డుకు చేరినచోట వదులు చేసేది."

మాటల్లో మరో సంగతి కూడా నవ్వుతూ చెప్పింది. వాళ్ల ఊళ్లో అందరి ఇంటిపేర్లూ 'బ'తోనే మొదలవుతాయట. బడిలో హాజరు పిలిస్తే గొర్రెల మంద అరిచినట్టుండేదట. ఎందుకలా అని అడిగితే, "ఊరంతా చుట్టాలమేమో" అంది.

ఆ మొక్కును మిలా ఉత్త కథగా వదిలెయ్యలేదు. తెలిసినవాళ్లు ఎవరు స్వదేశం వెళుతున్నా, కమలాతొక్క వేసి అరచేతిలో పట్టేంత తియ్యరొట్టె కాల్చి, వాళ్ల చేతిలో పెట్టి, తలమీద చెయ్యి వేసి "బ్వెన్ వియాహే" అనేది. ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు, ఎదురుగా కడుతున్న భవనంలో పనిచేసే కూలీలు, హిందువులు, ముసల్మానులు, ఎవరైనా సరే. విమానం ఎక్కేముందు అద్లియా వెళ్లి ఆ ఫిలిప్పీన్ అక్క చేత చెయ్యి వేయించుకోవాలి అన్నది చుట్టుపక్కల ఆచారంగా మారిపోయింది. తలవంచి నిలబడ్డ మనిషి తల ఎత్తేటప్పుడు ఏదో బరువు అక్కడే వదిలి వెళుతున్నట్టు ఉండేవాడు.

ఒక చలికాలం ఉదయం స్పెయిన్ దేశపు పెద్దాయనొకడు వచ్చాడు. స్కూలు మాస్టారుగా చేసి రిటైరైనవాడు. బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తున్న అల్లుడింటికి వచ్చి, మనవరాలి పుట్టినరోజు కేకు చెప్పడానికి మా దుకాణానికి వచ్చాడు. మిలా అలవాటుగా పేరుకు అర్థం అడగబోయింది. ఆయన మాత్రం ఆవిడ బిళ్లవైపే చూస్తూ నిలబడిపోయాడు. టోపీ తీశాడు.

"అమ్మా, ఈ ఇంటిపేరున్న మనిషిని నా జన్మలో ఒక్కరినైనా చూడలేదు" అన్నాడు నిదానమైన ఇంగ్లీషులో. "మా రేవు ఊళ్లలో ఈ పేరుతో మేరీమాత గుళ్లున్నాయి. చేపలవాళ్లు పడవ దింపేముందు అక్కడ దణ్ణం పెట్టుకుంటారు. కానీ మనుషులకు ఇంటిపేరుగా ఉండటం మా దేశంలో చాలా అరుదు. మీ దీవుల్లోనే ఎక్కువ. పుట్టింది మా భాషలో, బతుకుతున్నది మీ దగ్గర."

మిలా ముఖం వెలిగిపోయింది. కెప్టెన్ కథ మొత్తం చెప్పింది. ఆయన చిరునవ్వుతో విన్నాడు. తర్వాత, పాఠం చెప్పే అలవాటు కొద్దీ కాబోలు, అడిగాడు.

"మీ ఊళ్లో అందరి ఇంటిపేర్లూ ఒకే అక్షరంతో మొదలవుతాయా?"

"అవును. మీకెలా తెలుసు?"

ఆయన చెప్పాడు. నూటయాభై ఏళ్ల కిందటి దాకా ఆ దీవుల్లో చాలామందికి ఇంటిపేర్లే లేవట. ఊరంతా పునీతుల పేర్లే పెట్టుకునేసరికి ఎవరెవరో లెక్క తేలక, పన్ను వసూలుకు ఇబ్బందై, స్పెయిన్ గవర్నరు వేల ఇంటిపేర్లతో ఒక పెద్ద జాబితా వేయించి, ఇంటికో పేరు తీసుకోమన్నాడట. కొన్నిచోట్ల ఊరికి ఆ జాబితాలోంచి కొన్ని కాగితాలే వెళ్లాయట. 'బ' కాగితం వెళ్లిన ఊళ్లో అందరూ 'బ'. చెబుతుండగానే మిలా ముఖం చూసి ఆయన ఆగిపోయాడు. "మీ వంశం సంగతి వేరే కావచ్చు" అని తడబడ్డాడు. మిలా మర్యాదగా నవ్వి, కేకు ఎప్పటికి కావాలో అడిగి, లోపలికి వెళ్లిపోయింది. అంత చక్కటి మనిషి, చెడ్డ చేద్దామని కాదు. అయినా ఆ పూట మిలా రాసిన పేరులో రెండో అక్షరం వంకరపోయింది. అప్పటిదాకా నేనలాంటిది చూడలేదు.

ఆ తర్వాత ఆవిడలో ఏదో ఆరిపోయింది. పని అదే, చేయి అదే. కానీ కొన్నవాళ్లను అర్థం అడగడం మానేసింది. మలయాళీ డ్రైవరొకడు ఊరికి వెళుతూ వచ్చి తలవంచితే, భుజం తట్టి మంచిదని పంపేసింది. అతను అయోమయంగా నావైపు చూశాడు. కోటు మీద బిళ్ల కూడా పెట్టుకోలేదు. మేడం తమ్ముడు అడిగితే సూది విరిగిందంది.

శుక్రవారం తుబ్లీలో కూర్చున్నాక నేనే కదిపాను.

"కెప్టెన్ లేడు సత్యా" అంది నీళ్లవైపు చూస్తూ. "ఎవడో గుమాస్తా వేలు పెట్టి చూపించిన పేరు. దాన్ని పట్టుకుని ఇన్నేళ్లు అందరి నెత్తిమీదా చెయ్యి పెట్టాను. నాకేం హక్కుంది?"

ఓదార్చడం నాకు చేతకాలేదు. బదులుగా అప్పటిదాకా ఎవరికీ చెప్పనిది చెప్పాను. పిల్లివారు మా ఆయన వైపు. పెళ్లయిన మూడో ఏడు ఇంకొకావిడను తెచ్చుకుని, చంటిపిల్లతో సహా నన్ను గుమ్మం బయట నిలబెట్టాడు. పిల్లను మా అమ్మ దగ్గర వదిలి గల్ఫుకు వచ్చాను. అప్పటికే కాగితాలన్నీ ఆ ఇంటిపేరుతో ఉన్నాయి. "నన్ను గెంటేసినవాడి పేరుతోనే పొద్దున్నుంచి సాయంత్రం దాకా అందరూ నన్ను పిలుస్తారు. నీకు కనీసం ఎవరో కాగితంలోంచి ఇచ్చారు. నాకిచ్చినవాడి ముఖం కళ్లముందే ఉంటుంది" అన్నాను. ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. మిలా నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. పొద్దు గూకేదాకా అలాగే కూర్చున్నాం. కొంగలు ఒక్కసారిగా లేచాయి. వాటి రెక్కల చప్పుడు మామీదుగా పోయాక గానీ మేం కదల్లేదు.

కొద్దిరోజులకు మల్లేశ్ వచ్చాడు. ఎదురు భవనంలో తాపీపని చేసేవాడు, నిజామాబాద్ వైపు కుర్రాడు. సంచి భుజానికి వేసుకుని గాజుతలుపు బయటే నిలబడ్డాడు. నేను బయటికి వెళ్లాను.

"అక్కా, ఆమెను జెర పిలువవా? మాపటికి నా ఫ్లైటు. మా ఇంటామెకు కాన్పయినంక పానం బాగలేదు, మంచం దిగుతలేదట. నన్ను పనికి తెచ్చుకున్న కఫీల్ పాస్‌పోర్టు చేతుల పెట్టి ఖలాస్, ఇగ పో అన్నడు. ఇగ మల్ల దుబాయికి వస్తనో రానో." గల్ఫంతా అతనికి దుబాయే. "ఆమె చెయ్యి పెడితే మంచిగైతదంటరు. నాకు భయమైతున్నదక్కా."

"ఆగు మల్లేశూ, అడిగొత్తాను" అని లోపలికి వెళ్లి చెప్పాను.

మిలా పిండి కలుపుతోంది. తలెత్తలేదు. "నా చేతిలో ఏమీ లేదని చెప్పు."

ఆ మాట నేను మల్లేశ్‌కు చెప్పలేకపోయాను. గిన్నెలు తోముతున్నట్టు నిలబడిపోయాను. బయట ఎండ సూటిగా అతని ముఖాన పడుతోంది. అతను నీడకు కూడా జరగలేదు. జరిగితే ఆవిడకు కనబడనేమోనని కాబోలు. రెండు చేతులూ కట్టుకుని తలుపువైపే చూస్తున్నాడు. మిలా పిండి కలపడం ఆపింది. గాజులోంచి అతన్ని చాలాసేపు చూసింది. తర్వాత చేతులు కడుక్కుని, పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెల్లో ఒకటి గుడ్డలో చుట్టి, వేడి తగులుతుంటే చేతులు మార్చుకుంటూ బయటికి నడిచింది.

అతను వంగాడు. ఆవిడ తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి ఎప్పటికన్నా ఎక్కువసేపు అక్కడే ఉంది. "బ్వెన్ వియాహే" అంది. మల్లేశ్ మోచేత్తో కళ్లు తుడుచుకుని, వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్లాడు.

లోపలికి వచ్చి, మళ్లీ పిండి ముందు నిలబడి మిలా అంది. "అతను కెప్టెన్ కోసం నిలబడలేదు సత్యా. నాకోసం నిలబడ్డాడు."

మర్నాడు బిళ్ల మళ్లీ కోటు మీదికి వచ్చింది. కొన్ని నెలల తర్వాత మల్లేశ్ ఊరివాడొకడు వచ్చి, అతని భార్య కోలుకుందని, బిడ్డ బాగుందని చెప్పాడు. నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. మిలా మాత్రం "డాక్టరు మంచివాడై ఉంటాడు" అని పిండిలో చెయ్యి పెట్టింది. కానీ ఆ పూటంతా పెదవులు కదులుతూనే ఉన్నాయి.

స్పెయిన్ పెద్దాయన దేశం వెళ్లేముందు మళ్లీ వచ్చాడు. క్షమాపణ చెప్పుకోవడానికే వచ్చాడని నడకలోనే తెలిసిపోయింది. ఆయన నోరు తెరవకముందే మిలా రొట్టె చేతిలో పెట్టి, ఆయన పొడవుకు అందక మునివేళ్ల మీద లేచి, బట్టతల మీద చెయ్యి వేసింది. తన సొంత భాషలో, ఎక్కడో ఎడారి పక్కన, సగం ప్రపంచం అవతలి మనిషి దీవిస్తుంటే ఆ మాస్టారు చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు. వెళుతూ వెళుతూ, "ఈ పేరు సరైనచోటికే చేరింది" అన్నాడు.

తొంభైల చివర్లో మిలా వెళ్లిపోయింది. మోకాళ్లు నిలబడనివ్వలేదు. అందరికీ రొట్టె కాల్చిన మనిషికి కాల్చేవాళ్లు లేరు కనుక ఆ రోజు నేను కాల్చాను. అడుగు కాస్త మాడింది. దుకాణం ముందు కారు ఆగి ఉంది, సామాను ఎక్కించారు. రొట్టె చేతిలో పెట్టాను. ఆవిడ తల నా ముందు వంచింది. చెయ్యి వేశాను. నోటి దాకా వచ్చిన స్పానిష్ మాట ఆగిపోయింది. అది ఆవిడ ఇంటి మాట, నాది కాదు. నాకు తెలిసినది అన్నాను.

"క్షేమంగా వెళ్లి లాభంగా రా."

"అంటే?"

అరబ్బీ, హిందీ కలిపి చెప్పాను. మా దేశంలో ప్రయాణమయ్యేవాళ్లకు ఇలాగే చెబుతాం, పొలిమేరల్లో బోర్డుల మీద కూడా రాస్తాం అన్నాను.

"మీ దగ్గర ఇది ఎవరి ఇంటిపేరు?"

"ఎవరిదీ కాదు. అందరూ అంటారు."

"అందరూనా?" అంది మిలా ఆశ్చర్యంగా. "అయితే మీరంతా మా చుట్టాలే." అంటూ కారెక్కింది. తర్వాత రెండు మూడుసార్లు మేడం ఇంటికి ఫోను చేసింది. నేను స్వదేశం వచ్చేశాక ఆ దారీ మూసుకుపోయింది. ఆవిడ ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే అనుకుంటాను.

ఆవిడ నేర్పిన విద్యతోనే అమలాపురంలో చిన్న కేకుల దుకాణం పెట్టాను. పిల్లను చదివించి పెళ్లి చేశాను. దుకాణం బోర్డు రాయించేరోజు మా అన్నయ్య వచ్చి, "ఆడొదిలేసి ఎన్నాళ్లయిందే? ఇంకా ఆ పేరెందుకు? మన ఇంటిపేరు ఎట్టించు, శుభ్రంగా ఉంటది" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నేను ఆ పూటంతా ఆలోచించాను. ఆ పేరుతో విమానం ఎక్కింది నేను. ఆ పేరుతో పళ్లాలు కడిగింది, రొట్టెలు కాల్చింది, పిల్లను పెంచింది నేను. ఇచ్చినవాడు దాన్ని ఒక్కరోజు కూడా ఇంత దూరం మోయలేదు.

"ఉండనీ అన్నయ్యా" అన్నాను. పెయింటర్ కుర్రాడు నిచ్చెన వేసుకుని పిల్లి సత్యవతి అని పెద్ద అక్షరాలతో రాశాడు.

కొత్తగా వచ్చినవాళ్లు బోర్డు చూసి ఇప్పటికీ అడుగుతుంటారు. "పిల్లివారంటే మీ ఆయనగారి వైపా అండీ?"

"కాదండీ" అంటాను, పొట్లం కట్టి అందిస్తూ. "నా ఇంటిపేరేనండీ."